చుక్కల వెనుక అక్షరాలు

నాకు తగని సిగ్గు తెచ్చిపెట్టిన ఒక సాయంకాలం సంగతి ముందు చెప్పి, ఆ పిమ్మట చరిత్రలోకి వెళ్తాను.

2014 నవంబరు. నెల్లూరుకు తూర్పున, మైపాడు దారిలో ఉన్న ఒక పల్లె ఉన్నత పాఠశాలలో నేను అప్పుడు తెలుగు పండితుణ్ణి. పదో తరగతి పిల్లల వివరాలు కంప్యూటరు ద్వారా పంపవలసిన చివరి దినం. నలభై ఒక్కరిలో నలభై మందివి ముందే వెళ్ళిపోయినాయి. మిగిలిన ఆడపిల్ల ఆలస్యంగా వచ్చి చేరింది. తండ్రి సముద్రం మీద వేటకు పోయేవాడు, కుటుంబం ఆ ఏడు కృష్ణపట్నం వైపు నుంచి మా పల్లెకు మారింది. ఆమె బదిలీ పత్రం ఆ మధ్యాహ్నమే చేతికి అందింది. ప్రధానోపాధ్యాయులు సెలవులో ఉన్నారు. నాకు కంప్యూటరు కొంత తెలుసునని ఒక పేరుండడం చేత ఆ పని నా మీద పడింది.

అంతవరకూ నేను తెలుగు ప్రశ్నపత్రం టైపు చేస్తున్నాను. దాన్ని పక్కన పెట్టి లాగిన్ పుట తెరిచాను. వాడుకరి పేరు అనే పెట్టెలో పాఠశాల సంఖ్య కొట్టాను, పదకొండు అంకెలు. సంకేతపదం కొట్టాను. చుక్కలు పడ్డాయి. తప్పు అన్నది. నిదానంగా, ఒక్కొక్క మీట చూసుకుంటూ మళ్ళీ కొట్టాను. తప్పు అన్నది. మూడోసారి వేలితో ఎంచి ఎంచి కొట్టాను. తప్పే కాక, ఇక మీ ఖాతా మూసివేశాము, కార్యాలయాన్ని సంప్రదించండి అన్నది.

ఆ వానలో బస్సెక్కి నెల్లూరు వెళ్ళాను. కార్యాలయంలో ఒక గుమాస్తా నా మొహం చూసి, "ఐవారూ, మీకెందుకండీ ఈ తంటాలు? పిల్లకాయల చేత కొట్టించకూడదా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. రాత్రి ఏడున్నరకు ఖాతా తెరిపించుకుని, అక్కడే కూర్చుని ఆ పిల్ల వివరాలు ఎక్కించి, ఆఖరి బస్సుకు ఇల్లు చేరాను. పిల్ల చదువుకు ఏ లోటూ రాలేదు. నా సంకేతపదంలో కూడా తప్పు లేదు. ఆ మాట నాకు అప్పుడూ తెలుసు. అయినా నలుగురిలో తప్పు నాదేనని తేలిపోయింది.

ఆ తప్పు ఎవరిదో తెలియడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. తెలిసిన తరువాత, మీటకూ అక్షరానికీ మధ్య ఇంత దూరం ఎప్పుడు పెరిగిందా అని వెదకడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ వెదుకులాట.

1979లో భాషాప్రవీణ చదువుకుంటున్న రోజుల్లో నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. పండితునికి టైపు ఎందుకని ఇంట్లో అన్నారు గాని, పండితోద్యోగం రాకపోతే గుమాస్తా ఉద్యోగమైనా వస్తుందని నా ఆశ. ఏ ఎస్ డి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె అంటూ తెల్లవారుజామున ఇరవై యంత్రాలు ఒక్కసారి మోగుతుంటే వీధంతా వడగళ్ళు పడుతున్నట్టుండేది. మీటల వైపు చూస్తే మాష్టారు చేతి మీద స్కేలుతో కొట్టేవారు. కాగితం వైపే చూడాలి.

ఆ యంత్రంలో మీట, అక్షరం, అది పడే చోటు ఒకదానికొకటి ఇనుప కడ్డీతో బిగించి ఉండేవి. మీట నొక్కితే ఆ అక్షరమే, ఆ చోటే పడేది. 1874లో రెమింగ్టన్ కంపెనీ అమ్మకానికి పెట్టిన షోల్స్ యంత్రంలో పెద్దబడి అక్షరాలే ఉండేవి. 1878లో వచ్చిన రెమింగ్టన్ రెండో నంబరు యంత్రంలో షిఫ్టు మీట పుట్టింది. ఒక మీటకు రెండు అక్షరాలు ఇవ్వడం దానితో మొదలు. నా దృష్టిలో మీటకూ అక్షరానికీ మధ్య తొలి ఎడబాటు అదే. అయితే ఏది పడిందో కాగితం మీద వెంటనే కనబడేది, కనుక చింత లేదు. పట్టికలు కొట్టేవారి సౌకర్యానికి ట్యాబు మీట వచ్చింది, బండిని ఒక గడి నుంచి మరో గడికి దూకించడానికి. పంక్తి చివర గంట మోగితే బండిని వెనక్కి నెట్టేవాళ్ళం. నేటి ఎంటరు మీట ఆ నెట్టుడుకు వారసురాలు. లాగిన్ పెట్టెలో మనం ఇవాళ వాడే మూడు మీటలూ, షిఫ్టు, ట్యాబు, ఎంటరు, ఆ ఇనుప యంత్రం వదిలిపోయిన ఆస్తులే.

తెలుగుకు ఆ ఇనుము లొంగలేదు. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక కార్యాలయాల్లో తెలుగు యంత్రం అవసరమైంది. కానీ నలభై చిల్లర మీటలలో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, ఒత్తులు ఎట్లా ఇమడాలి? కొన్ని మీటలు కొడితే బండి కదలకుండా ఏర్పాటు చేశారు. గుర్తు పడుతుంది, బండి నిలుస్తుంది, ఆ తరువాతి అక్షరం దానితో కలుస్తుంది. కొట్టినవాడికి తెలిసేది మీటల క్రమం, చదివేవాడికి తెలిసేది అక్షరం. మన భాషలో ఈ రెండూ ఎన్నడూ ఒకటి కావని ఆ యంత్రమే మొదట చెప్పింది. వ్యాకరణం చదివినవారికి ఇది వింత కాదు. స్థాని ఒకటి, ఆదేశం ఒకటి. మనం చూసేది ఆదేశాన్ని.

ఇక సంకేతపదం. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బాటో బృందం ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలంలో పంచుకునే వ్యవస్థను నిర్మించింది. సి.టి.ఎస్.ఎస్. అని దాని పేరు. పలువురి దస్త్రాలు ఒకే చోట ఉన్నప్పుడు ఎవరిది వారికి దక్కాలి గదా, అందుకని ఒక్కొక్కరికి ఒక్కొక్క రహస్యపు మాట. పుట్టిన మరుసటి యేడే ఆ రహస్యం బయటపడింది. అలన్ షెర్ అనే పరిశోధకుడు తనకు కేటాయించిన సమయం చాలక, 1962లో సంకేతపదాల దస్త్రాన్ని మొత్తంగా ముద్రింపజేసుకున్నాడు. ఇతరుల ఖాతాల్లో దూరి తన పని పూర్తి చేసుకున్నాడు. 1966లో మరీ వింత జరిగింది. రోజువారీ ప్రకటన దస్త్రమూ, సంకేతపదాల దస్త్రమూ ఒకదానికొకటి తారుమారైనాయి. లాగిన్ అయిన ప్రతివాడికీ ఆనాటి శుభవార్తకు బదులు అందరి సంకేతపదాలూ దర్శనమిచ్చాయి!

అప్పటి టెర్మినళ్ళు తెరలు కావు, కాగితం మీద అచ్చు వేసే యంత్రాలు. సంకేతపదం కొడితే అది కాగితం మీద పడి, చెత్తబుట్ట చేరి, ఎవరి కంటనైనా పడవచ్చు. కొన్ని చోట్ల ఉపాయంగా ముందే కొన్ని అక్షరాలను ఒకదాని మీద ఒకటి కొట్టి నల్లని మచ్చ చేసి, దాని మీద సంకేతపదం కొట్టమనేవారు. మరి కొన్నింటిలో అసలు ఏమీ అచ్చు వేయకుండా ఊరుకునేవారు. ఇవాళ మనం చూసే చుక్కలు ఆ నల్ల మచ్చకు మనవలు. భుజం మీదుగా తొంగిచూసేవాడి నుంచి దాచడం వాటి పని. కొట్టేవాడి నుంచి కూడా దాచవలసి రావడం అనుకోకుండా వచ్చిపడిన నష్టం. దానిని గురించి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే కొట్టేవాడికి తన వేళ్ళ కింద ఏ అక్షరం ఉందో సందేహం ఉండదని వారి నమ్మకం. ఇంగ్లీషులో ఆ నమ్మకం చాలామటుకు నిజమే.

1971లో ఐ.బి.ఎం. 3270 అనే తెర టెర్మినళ్ళు వచ్చాయి. ఇప్పటి ఫారాలకు మూలపురుషుణ్ణి చూపమంటే నేను దాన్ని చూపుతాను. తెరను గడులుగా విభజించారు. కొన్నింటిలో వ్రాయవచ్చు, కొన్నింటిలో వ్రాయకూడదు, కొన్నింటిలో వ్రాసినది కనబడదు. ట్యాబు నొక్కితే తరువాతి వ్రాయదగిన గడికి పోతుంది. ఎంటరు నొక్కితే తెర మొత్తంగా దూరాన ఉన్న కంప్యూటరుకు వెళ్తుంది. పట్టికల కోసం పుట్టిన ట్యాబు ఇక్కడ గడి మారే మీట అయింది, బండిని నెట్టే మీట ఒప్పుకోలు మీట అయింది. 1987లో అదే ఐ.బి.ఎం. కామన్ యూజర్ యాక్సెస్ అనే నియమావళిలో ఈ మర్యాదలను రాసిపెట్టింది, తక్కినవారు చాలావరకు అనుసరించారు.

1980లలో కిటికీలు వచ్చాయి. 1984లో మెకింతోష్, 1985లో విండోస్. ఒకే తెర మీద పది కిటికీలు, కీబోర్డు మాత్రం ఒక్కటే. మీట నొక్కితే ఆ దెబ్బ ఎవరికి చెందాలి? ఏదో ఒక్కదానికే. ఆ క్షణాన ఏ పెట్టె మీటల దెబ్బలు అందుకుంటుందో దానికి ఫోకసు ఉంది అంటారు. ఫోకసుకు తెలుగు మాట ఏదని ఎవరైనా అడిగితే నేను అవధానం అంటాను. మన అష్టావధాని ఎనిమిది మంది పృచ్ఛకుల నడుమ కూర్చుని అందరికీ సమాధానం చెప్పగలడు. కంప్యూటరు పాపం ఏకావధాని. ఒక పెట్టె మాట వింటుంటే మరొక పెట్టెకు చెవిటిది. మీలో అవధానాలు చూసినవారు ఈ పోలికను ఇంకా పొడిగించుకోవచ్చు. సంఖ్య అడిగే గడిలో అక్షరం కొడితే పడనివ్వని పెట్టె నిషిద్ధాక్షరి. మధ్యలో అడ్డుపడి, పనికిరాని ప్రశ్న వేసి, మన దృష్టిని లాక్కుపోయే చిన్న కిటికీ అప్రస్తుత ప్రసంగం.

దృష్టి ఒక చోట, మాట మరొక చోట పడడం గురించి మా నెల్లూరు వాళ్ళకు ఏడు వందల యేళ్ళ నాటి కథ ఒకటి ఉంది. తిక్కన సోమయాజి ఆగకుండా భారతం చెబుతుంటే గురునాథుడనే వ్రాయసకాడు ఆగకుండా వ్రాస్తున్నాడట. ఒక ఘట్టంలో పద్యం సాగక, ఏమి చెప్పమంటావని తిక్కన ఆ గురునాథుణ్ణే సంబోధించాడట. ఆయన ఆ మాటను కూడా పద్యంలో వ్రాసేశాడు. సంబోధన కాస్తా కురునాథా అయి, సంజయుడు ధృతరాష్ట్రుణ్ణి పిలిచినట్టు అతికిపోయిందని పెద్దలు చెబుతారు. చరిత్రగా దానికి నేను పూచీపడను. కానీ వ్రాయసకాడికి చెప్పిన మాట కావ్యంలో పడితే సరస్వతి కాపాడింది. మన సంకేతపదం పక్క పెట్టెలో పడితే కాపాడేవారు లేరు.

అది కూడా నాకు అనుభవమే. ఒక ఉపాధ్యాయ శిక్షణలో, గోడ మీద బొమ్మ పడే యంత్రం ఎదుట, నన్ను లాగిన్ అయి చూపమన్నారు. నేను రెండు వేళ్ళతో, తల వంచుకుని మీటలు చూస్తూ కొట్టేవాణ్ణి (టైపు మాష్టారు చూస్తే స్కేలు విరిగేది). ఆ పుట నిదానంగా లోడు అవుతున్నది. నేను సంకేతపదంలోకి దిగిన తరువాత పుట పూర్తిగా వచ్చి, మర్యాదకోసం కాబోలు, దృష్టిని మళ్ళీ మొదటి పెట్టెకు మార్చింది. తల ఎత్తేసరికి నా సంకేతపదంలో సగం వాడుకరి పేరు పక్కన, గోడ మీద, జానెడు అక్షరాలతో వెలుగుతున్నది. మా ఆవు పేరని అందరికీ తెలిసిపోయింది. వాడు తొందరగా మొదటి పెట్టెను చూపాలనుకున్నాడు, సరే, కానీ కొట్టడం మొదలుపెట్టినవాడి చేతి కింద నుంచి పలక లాగకూడదని వాడికెవరూ చెప్పలేదు. విండోస్‌వారు మాత్రం ఈ దొంగతనాన్ని గుర్తించి, విండోస్ 98, 2000 కాలం నుంచి ఒక నియమం పెట్టారు. వెనుకనున్న ప్రోగ్రాము తనంతట తాను ముందుకు దూకి కీబోర్డు లాక్కోరాదు, కింది పట్టీలో మిణుకుమిణుకుమని పిలవాలి.

ఇంతకన్నా ప్రమాదకరమైన మోసం ఇంకొకటి ఉంది. అచ్చంగా లాగిన్ తెరలాగే ఉండే నకిలీ తెర పెట్టి సంకేతపదం దొంగిలించడం. 1993లో విండోస్ ఎన్.టి. దీనికి కనిపెట్టిన మందు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడు మీటలూ కలిపి నొక్కడం. ఆ కలయికను 1981 నాటి ఐ.బి.ఎం. పీసీలో డేవిడ్ బ్రాడ్లీ యంత్రాన్ని తిరిగి మొదలుపెట్టడానికి పెట్టాడు. ఎన్.టి.లో ఆ మూడు మీటల దెబ్బ ఏ సాధారణ ప్రోగ్రాముకూ చేరదు, నేరుగా వ్యవస్థకే పోతుంది. అందువల్ల ఆ తరువాత కనబడే తెర అసలుదే. ఎన్నో ఏళ్ళు దాన్ని అర్థం లేని కసరత్తు అనుకున్నాను.

2004 వేసవి సెలవుల్లో నెల్లూరులో విజువల్ బేసిక్ నేర్చుకున్నాను. నలభై అయిదేళ్ళ పంతులు కుర్రవాళ్ళ మధ్య కూర్చున్నాడని నవ్వుకునేవారు. మా పాఠశాల గ్రంథాలయానికి ఒక చిన్న ప్రోగ్రాము వ్రాయాలని నా కోరిక. 1991లో వచ్చిన ఆ భాషలో మీటకు మూడు ఘట్టాలుంటాయి. మీట కిందికి దిగడం ఒకటి, అక్షరం పుట్టడం రెండు, మీట పైకి లేవడం మూడు. మొదటిది చెప్పేది ఏ మీట అని, రెండోది చెప్పేది ఏ అక్షరం అని. మీటా అక్షరమూ వేరని ఒక యంత్రభాష ఇంత స్పష్టంగా ఒప్పుకోవడం చూసి ముచ్చటపడ్డాను. అట్లాగే పెట్టెకు దృష్టి వచ్చినప్పుడు ఒక ఘట్టం, పోయినప్పుడు ఒక ఘట్టం.

ఉత్సాహంతో లాగిన్ పెట్టె చేశాను. వాడుకరి పేరు వ్రాయకుండా ఆ పెట్టె వదిలితే, పేరు వ్రాయండి అని హెచ్చరించి దృష్టిని వెనక్కి తెచ్చేటట్టు, సంకేతపదానికి కూడా అదే విధంగా. మా అటెండరు మొదటి రోజే పరుగెత్తుకొచ్చాడు. "సార్, ఇది నన్ను లోపలికి రానియ్యదు, బయటికి పోనియ్యదు" అన్నాడు. ఒక పెట్టె దృష్టి కోల్పోగానే హెచ్చరిక, ఆ హెచ్చరికలో రెండో పెట్టె దృష్టి కోల్పోయి మరో హెచ్చరిక, రెండూ ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి. రద్దు మీట నొక్కబోయినా దృష్టి మారినట్టే గనుక మళ్ళీ హెచ్చరిక! ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు. 1998లో వచ్చిన ఆరో కూర్పులో దీని కోసమే వేరే ఏర్పాటు చేశారని, రద్దు మీటను ఆ పరీక్ష నుంచి మినహాయించవచ్చని తరువాత చదువుకున్నాను.

అంతకన్నా బాధించినది ఇంకొకటి. పుస్తకాల పేర్లు తెలుగులో కొడితే వరుసగా ప్రశ్నార్థకాలు పడ్డాయి. భాస్కర రామాయణానికి ప్రశ్నార్థకాలే, బాలవ్యాకరణానికీ అవే. ఆ భాషలోని పెట్టెలు పాత సంకేత పట్టికల మీద కట్టినవి, వాటిలో తెలుగుకు స్థానమే లేదు. చివరకు పుస్తకాల పేర్లన్నీ రోమను లిపిలో ఎక్కించాను. ఆ పట్టిక నేను బదిలీ అయ్యే దాకా అట్లాగే ఉంది.

స్థానం లేదంటే ఎక్కడా లేదని కాదు. 1991 అక్టోబరులో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే తెలుగు ఉంది. అంతకుముందే 1986లో కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ లిపులన్నింటికీ ఒకే మీటల అమరిక, ఇన్‌స్క్రిప్టు, రూపొందించింది. 1991లో ఇస్కీ సంకేతాలతో పాటు అది భారతీయ ప్రమాణమైంది. వ్యాకరణం తెలిసినవారు చూసి సంతోషించవలసిన అమరిక అది. ఎడమ చేతి కింద అచ్చులు, కుడి చేతి కింద హల్లులు. మన వ్యాకర్తలు అచ్చులను ప్రాణములనీ హల్లులను ప్రాణులనీ అన్నారు. ప్రాణాలు ఎడమన, ప్రాణులు కుడిన! టైపు మాష్టారు చూపుడువేళ్ళకు ఇచ్చిన ఎఫ్, జె స్థానాలలో గుడి, రకారం ఉంటాయి.

అయినా మనలో ఎక్కువమంది ఆ దారిన రాలేదు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల తొలినాళ్ళలో రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతి ద్వారా వచ్చాము. రోమను అక్షరాలు కొడితే తెలుగు అయ్యే ఆ పద్ధతిని 2006లో వీవెన్ గారి లేఖిని ఇంటింటికీ తెచ్చింది. ఒక పెట్టెలో కొట్టడం, రెండో పెట్టెలో తెలుగు చూసుకోవడం, కత్తిరించి అతికించడం, మీ అందరి వేళ్ళకూ ఈపాటికి గుర్తుండే ఉంటుంది. నేను మాత్రం మొండిగా ఇన్‌స్క్రిప్టు పట్టుకున్నాను. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు కావాలంటే సీడీ పెట్టి క్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టవలసి వచ్చేది. ఆ సీడీ కోసం నేను నెల్లూరులో నాలుగు దుకాణాలు తిరిగాను. ఎడమ ఆల్ట్, షిఫ్టు కలిపి నొక్కితే తెలుగు, మళ్ళీ నొక్కితే ఇంగ్లీషు.

నా అవమానానికి కీలకం ఆ రెండు మీటల్లోనే ఉంది.

2020లో పదవీ విరమణ చేశాను. ఆ యేడు ఇంట్లో బందీలుగా ఉన్న రోజుల్లో చెన్నైలో కంప్యూటరు ఉద్యోగం చేసే నా పాత శిష్యుడొకడు క్షేమం కనుక్కోవడానికి ఫోను చేశాడు. మాటల్లో ఈ పాత కథ చెప్పాను. వాడు నవ్వలేదు. "సార్, వాడుకరి పేరులో అన్నీ అంకెలేనా?" అని అడిగాడు. అవునన్నాను. "అంతకుముందు తెలుగులో ఏమన్నా కొడతా ఉన్నారా?" ప్రశ్నపత్రం అన్నాను. "ఈ పుట తెరవంగానే ఆల్ట్ షిఫ్టు నొక్కుంటారు, ఇంగ్లీషులోకి మార్చుకుందామని." నొక్కాను. అలవాటు కొద్దీ నొక్కకుండా ఎట్లా ఉంటాను?

వాడు విప్పి చెప్పినది ఇది. ఆ రోజుల్లో, అంటే విండోస్ 7 దాకా, భాష అమరిక ఒక్కొక్క కిటికీకి విడివిడిగా ఉండేది. దృష్టి ఏ కిటికీ మీదికి వెళ్తే ఆ కిటికీ భాష అమలులోకి వచ్చేది. ప్రశ్నపత్రం కిటికీ తెలుగులో ఉంది, కొత్తగా తెరిచిన లాగిన్ కిటికీ అప్పటికే ఇంగ్లీషులో ఉంది. జాగ్రత్త కోసం నేను నొక్కిన ఆల్ట్ షిఫ్టు దాన్ని తెలుగులోకి మార్చింది. తెలుగు అమరికలో కూడా పై వరుస అంకెలు ఇంగ్లీషు అంకెలే పడతాయి. అందుచేత పదకొండంకెల పేరు చక్కగా కనబడింది. సంకేతపదం మా ఆవు గౌరి పేరు, దాని తరువాత నా పుట్టిన యేడు. గోడ మీద ఎప్పుడో వెలిగిపోయిన పేరే. ఇప్పుడు ఎక్కడా వాడడం లేదు కనుక చెబుతున్నాను. జి, ఏ, యు, ఆర్, ఐ మీటలకు తెలుగు అమరికలో వరుసగా కొమ్ము, ఓత్వం, హకారం, గుడిదీర్ఘం, గకారం. ఇంగ్లీషులో ఐదు, తెలుగులోనూ ఐదు. చుక్కల సంఖ్య కూడా సరిగ్గా సరిపోయింది! కొమ్ముతో మొదలయ్యే మాట తెలుగులో ఉండదు, ఆవుకు తప్ప. పెట్టె చుక్కలు కాక అక్షరాలు చూపి ఉంటే మొదటిసారే నాకు తెలిసిపోయేది.

దీని మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ తన సొంత సంకేతపదపు పెట్టెల దగ్గర, క్యాప్స్ లాక్ నొక్కి ఉంటే చిన్న బుడగ తేల్చి చెప్పేది. అంటే, చుక్కల చాటున మనిషి తప్పు కొట్టగలడని వారికి తెలుసు. తెలిసి, ఇంగ్లీషువాడి పొరపాటుకు మాత్రం హెచ్చరిక పెట్టారు. చీనా, జపాను భాషలవారికి అక్షరాలు కూర్చే ఏర్పాటు వేరే ఉంటుంది, సంకేతపదపు పెట్టెలో అది దానంతట అదే ఆగిపోతుంది. మన ఇన్‌స్క్రిప్టు ఆ కోవది కాదు, అది ఉత్త మీటల అమరిక. కనుక ఆగదు, చెప్పదు. కంప్యూటరు తెరవగానే వచ్చే తెర మీద భాష గుర్తు ఉంటుంది, ఒప్పుకుంటాను. అంతర్జాలపు పుటలోని పెట్టెలో దాని జాడ లేదు. తెర అడుగున మూలన రెండు చిన్న రోమను అక్షరాలు చూసి తెలుసుకోవాలట. మూడు తప్పులకు ఖాతా మూసేవాడు, ఆ మూడింటిలోనూ ఒక్క ఇంగ్లీషు అక్షరం కూడా లేదని గమనించి ఒక్క మాట అనవచ్చు గదా?

పోనీ సంకేతపదమే తెలుగులో పెట్టుకుంటే? అక్కడ చిక్కులు నిజమైనవి. స్త్రీ అన్నది మనకు ఒక్క అక్షరం. కంప్యూటరుకు సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం కలిసి ఆరు. చుక్కలు ఆరు పడతాయి, వెనక్కి చెరిపితే ఆరుసార్లు చెరపాలి. ఐత్వం మరీ తమాషా. యూనికోడులో దానికి సొంత సంకేతం ఉంది, ఎత్వమూ దాని కింది వంపూ కలిపి వ్రాసినా అదే అవుతుంది. కంటికి రెండూ ఒకటే. పోల్చేవాడు రెండింటినీ ముందు ఒక రూపానికి తేకపోతే సరైన సంకేతపదం తప్పవుతుంది. 2017 అక్టోబరులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 8265 అనే ప్రమాణం ఇటువంటి సంగతుల కోసమే పుట్టింది. మన అక్షరాల పొందికను యంత్రాలు తక్కువగా అంచనా వేస్తే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ఒక్క జ్ఞా అక్షరపు కూర్పు అందితే ఐఫోన్లలోని అప్లికేషన్లు కూలిపోయినాయి. జ్ఞానం భరించలేకపోయిందని మనవాళ్ళు హాస్యమాడారు గాని, ఆ అక్షరం నిర్మాణం తెలిసినవాడు ముందుగా ఒక్కసారి పరీక్షించి ఉంటే ఆ అల్లరి ఉండేది కాదు.

కొంత మేలు కూడా జరిగింది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి భాష అమరిక కిటికీకొకటిగా కాక అన్నింటికీ ఒకటిగా ఉండడం మామూలైంది. నా వంటివాడు ఒకచోట మార్చుకుంటే అన్నిచోట్లా మారుతుంది. 2017లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన మార్గదర్శకాలలో రెండు మంచి మాటలు చెప్పింది. సంకేతపదంలో యూనికోడు అక్షరాలను అంగీకరించాలన్నది ఒకటి, కొట్టినవాడు కోరితే కొట్టినది చూపాలన్నది రెండు. చాలా పెట్టెల పక్కన ఇప్పుడు కనబడే కన్ను బొమ్మ ఆ రెండో మాటకు రూపం. అరవై యేళ్ళ నాటి నల్ల మచ్చను కొట్టినవాడి కోసం కాస్త తుడవడానికి ఒప్పుకున్నారన్నమాట.

కన్ను బొమ్మ లేని పెట్టెలు ఇంకా ఉన్నాయి, ముఖ్యంగా మా పింఛనుదార్లు వాడవలసిన చోట్ల. అక్కడ నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందు వాడుకరి పేరు పెట్టెలో జి మీట ఒక్కసారి నొక్కి చూస్తాను. ఇంగ్లీషు అక్షరం పడితే చెరిపేసి ముందుకు పోతాను. కొమ్ము పడితే ఆల్ట్ షిఫ్టు. మా వీధిలో నాతోపాటు విరమణ చేసిన ఇద్దరు పంతుళ్ళకు కూడా ఇదే నేర్పాను. వారిలో ఒకాయన ఆ మీట మీద ఎర్రసిరాతో కొమ్ము గుర్తు వేసుకున్నాడు.